ఉట్టి ఎంత ఎత్తున కట్టాలి?

పరిగిలో మే నెల ఎండకు సాయంత్రం ఆరు దాటితే గానీ నేల చల్లారదు. బీజాపూర్ రోడ్డు మీద కొడంగల్ పోయే బస్సుల రొద కాస్త తగ్గే ఆ వేళకే మా బడి మైదానం మూల నుంచి బంతి చప్పుడు మొదలవుతుంది. అక్కడొక బాస్కెట్‌బాల్ కంబం ఉంది. రింగుకు వల లేదు. కింద సగం సిమెంటు, సగం ఎర్రమన్ను. పక్కన వేపచెట్టు, దాని కింద తాండూరు బండ పరిచిన అరుగు. ఆ అరుగు మీద కూర్చుని ఈ వేసవంతా నేను చూస్తున్నది ఒక్క పిల్లనే. పదేళ్ళది. మా బడిలో ఏళ్ళ తరబడి పీఈటీగా చేసి రిటైరైన సారు మనవరాలు.

మొన్న సారు మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. అక్కడ ఒక అకాడమీలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాడు. వచ్చిన సాయంత్రమే పిల్ల విసురు చూశాడు. బంతిని కుడి తుంటి దగ్గరికి దించి, రెండు చేతులతో, ఒళ్ళంతా ఒక్కసారి విదిల్చి పైకి పారేస్తుంది. పదింటిలో ఒకటి రింగును తాకితే గొప్ప. అతను లేచి వెళ్ళి దాని మోచెయ్యి పట్టుకున్నాడు. అరుగు మీది నుంచి సారు, "చెయ్యి ఇడ్సిపెట్టు" అన్నారు. గొంతు పెంచలేదు. అయినా పిల్లతో పాటు నేనూ ఉలిక్కిపడ్డాను.

ఆ మాటతో మొదలైన వాదం రెండు సాయంత్రాలు నడిచింది. ఆటలో నాకు ఓనమాలు కూడా సరిగా రావు, తెలుగు పంతులును. కానీ పిల్లలకు ఏదో ఒకటి నేర్పి బతికేవాళ్ళందరికీ అందులో వాటా ఉందనిపించి, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అల్లుడు: దాని మోచెయ్యి చూసినవా మామా? పక్కకు రెక్క లెక్క పోతున్నది. ఎడమచెయ్యి పక్కన ఆనుకొని ఉండాలె గదా, అది కూడ తోస్తున్నది. ఇప్పుడు సరిచెయ్యకపోతే ఇంకెప్పుడు చేస్తవ్?

మామ: దానికి పదేండ్లు. రింగు పదడుగులు. చేతుల ఉన్నది 7వ సైజు బంతి, 600 గ్రాముల దాక తూగుతది. తుంటి కాడికెల్లి ఒళ్ళంత పెట్టి విసరకపోతే ఆ బంతి రింగు దాక పోనే పోదు. దాని ఒంటికి దొరికిన తొవ్వ అది. తప్పు మోచేతిది కాదు, కంబానిది.

అల్లుడు: కంబం లోకమంత ఒక్కటే ఎత్తు. 3.05 మీటర్లు. హైదరాబాద్‌ల గదే, అమెరికాల గదే.

మామ: పదడుగులే ఎందుకో ఎన్నడన్న అడిగినవా? 1891 చలికాలంల స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊర్ల, వైఎంసీఏ వాళ్ళ శిక్షణ బడిల, బయట మంచుకు ఆడనీకి లేక విసిగిపోయిన పద్దెనిమిది మంది యువకుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే మాస్టరు ఈ ఆట కనిపెట్టిండు. రెండు పెట్టెలు తెమ్మంటే, బడి చూసుకునేటాయన పెట్టెలు లేవని పీచు పండ్ల గంపలు రెండు తెచ్చిచ్చిండు. వాటిని మిద్దె వసారా కటకటాలకు కొట్టిండు. ఆ కటకటాలు నేలకు పదడుగులున్నయి. అంతే కథ. అవి తొమ్మిదడుగులున్నట్టయితే ఇయ్యాల లోకమంత తొమ్మిదడుగులకు వేస్తుండె. ఎవరి ఒంటికీ కొలిచి పెట్టిన ఎత్తు కాదది. మీసాలొచ్చిన మొగోళ్ళ కోసం పడ్డ కొలత పదేండ్ల ఆడపిల్లకు శాసనం ఎట్లయితది?

ఈ కథ నేను మొదటిసారి వింటున్నాను. గంప అనగానే మన వైపు కందికట్టెతో అల్లే గంపలు కళ్ళలో మెదిలాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం గానీ, పప్పు పోగా మిగిలిన కట్టెతో అల్లే గంప గురించి ఎవరూ తలుచుకోరు. అలాంటి గంపను మా సారు కటకటాలకు కడితే పరిగిలోనూ ఆ ఆట పుట్టి ఉండేది. నైస్మిత్ గంపలకు మొదట్లో అడుగులు కూడా ఉండేవట, బంతి పడ్డప్పుడల్లా నిచ్చెన వేసుకుని తీసేవారట.

అల్లుడు: కథ మంచిగున్నది. కాని రేపు అండర్-14 ఆటలకు పోతే, మాకు గంప కిందికి కట్టుండ్రి అని అడుగుతవా?

మామ: అండర్-14కు ఇంక మూడు నాలుగేండ్లున్నయి. పన్నెండేండ్ల లోపు పిల్లలకు మినీ బాస్కెట్‌బాల్ అని వేరే ఆట ఉన్నది, నాకంటె నీకే ఎక్కువ తెలుసు. 1950ల అమెరికాల స్క్రాంటన్ అనే ఊర్ల జే ఆర్చర్ అనేటాయన మొదలువెట్టిండు. ఇయ్యాల అంతర్జాతీయ సమాఖ్యే ఒప్పుకున్నది: రింగు 2.60 మీటర్లు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. బంతి 5వ సైజు, 500 గ్రాముల లోపే. ఎవరూ అడ్డం రాకుండ వేసే ఫ్రీత్రో గీత 4.60 మీటర్ల కాడ కాదు, 4 మీటర్ల కాడ. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, మనమేమో పిల్లను సీదా పదడుగులకు తోలుతున్నం.

అల్లుడు: సరే, ఇటు రా. లెక్క చూపిస్త.

అతను వేపపుల్ల తీసుకుని మట్టిలో గీశాడు. ఆ బొమ్మ నాకు బాగా నచ్చింది, బడి నల్లబల్ల మీద ఉండాల్సిన బొమ్మ. రింగు వెడల్పు 45 సెంటీమీటర్లు. 7వ సైజు బంతి అడ్డం 24. బంతి నిట్టనిలువుగా పైనుంచి దిగితే రింగు దానికి 45 సెంటీమీటర్ల నోరు తెరుచుకుని కనిపిస్తుంది. 45 డిగ్రీల వాలుతో వస్తే ఆ నోరు 32 సెంటీమీటర్లకు ముడుచుకుంటుంది. 30 డిగ్రీలకు వాలితే ఇరవై రెండున్నరే. అంటే బంతి కంటే నోరే చిన్నది. అంచుకు కొట్టుకోకుండా లోపలికి దిగనే దిగదు.

అల్లుడు: అందుకే బంతి ఎత్తుకు లేవాలె, ఇంద్రధనుసు లెక్క వంగి దిగాలె. అది రావాలంటే మోచెయ్యి బంతి కిందుండాలె, మణికట్టు వెనక్కి వంగి ముందుకు వాలాలె, వేళ్ళ కొసలకెల్లి బంతి వెనక్కి తిరుగుకుంట పోవాలె. ఇది నా చాదస్తం కాదు మామా, లెక్క.

మామ: నువ్వు నా వకీలువే గదరా! బక్క చేతులకు బరువు బంతి ఇచ్చి పదడుగుల రింగు చూపెడితే ఆ పిల్ల ఎత్తుకెట్ల లేపుతది? దాని బలమంత దూరానికే ఖర్చయిపోతది, వంపు తేవడానికి ఏం మిగలదు. బంతి తేలిక చెయ్యి, రింగు దించు, వంపు దానంతటదే వస్తది.

అల్లుడు: రాదు. ఇక్కడనే నీకు నాకు పడది. ఎనిమిదిన్నర అడుగుల రింగుకు చదునుగ గుంజి కొట్టినా నాలుగు పడుతయి. రింగు వెనక పలకకు తగిలి ఇంకో రెండు పడుతయి. పడ్డదంటే దాని చెయ్యి దాన్నే మంచిదనుకుంటది. పడకపోవడం కంటె తప్పుగ పడడం ఎక్కువ చెడ్డది మామా. పడనిదాన్ని పిల్లలే ఇడ్సిపెడుతరు. పడ్డదాన్ని మనం మాన్పియ్యలేం.

సారు వెంటనే జవాబు చెప్పలేదు. నాకూ తోచలేదు. చేతిరాతలో ఈ సంగతి నాకు అనుభవమే. 'మ'ను 'య'లా రాసే అలవాటు పడ్డ పిల్లవాడికి ఎవరో ఒకరు పోల్చుకుని చదివి మార్కులు వేస్తే, ఆ అలవాటు పదో తరగతి దాకా వదలదు.

మామ: నేనొక్కటడుగుత. చిన్నప్పుడు జొన్నచేను కాడ మంచె మీద వడిసెల తిప్పినం. చింతకాయలకు రాళ్ళు విసిరినం. ఆకు కదలకుండ కాయ రాలుతుండె. ఎవడన్న వచ్చి మోచెయ్యి పట్టి చూపెట్టిండా?

అల్లుడు: పట్టలే. కాని చూపెట్టిండ్రు. మీ నాయన తిప్పుతుంటే చూసినవ్, మీ అన్నలను చూసినవ్. పొద్దంత కండ్ల ముందర సరైన విసురే నడుస్తుండె. ఈ పిల్ల పరిగిల ఎవర్ని చూస్తది? ఊరూరా క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టిండ్రు, లోపల ఖోఖో, వాలీబాల్, లాంగ్‌జంప్. రింగు ఏడున్నది? ఇగ ఫోన్ల చూస్తది. అమెరికా ఆటగాడు స్టీఫెన్ కర్రీ సగం కోర్టు కాడికెల్లి వేస్తున్న వీడియో చూసి దూరం నేర్చుకుంటది, చెయ్యి నేర్చుకోదు. చూసి నేర్చుకునే వీలు లేనికాడ చేతులు పెట్టి నేర్పాలె.

ఈ మాటకు నేను లోలోపల తల ఊపాను. పల్లెలో విద్యలన్నీ వాటంతటవే అబ్బుతాయని మనం గొప్పగా చెప్పుకుంటాం. చుట్టూ ఆ పని చేసేవాళ్ళు ఉన్నంతకాలమే అది నిజం. సాలెవాడలో పెరిగిన పిల్లకు మగ్గం అబ్బుతుంది, మగ్గమే లేని ఊళ్ళో ఎలా అబ్బుతుంది?

మామ: కర్రీ పేరు నువ్వే తీసినవ్ కాబట్టి అడుగుతున్న. ఆయన చిన్నప్పుడు ఎట్ల వేసేటోడు?

అల్లుడు: అదే చెప్పబోతున్న. పొట్టిగ, బక్కగ ఉండె. బంతిని నడుము కాడికెల్లి లేపేటోడు, అచ్చం మన పిల్ల లెక్కనే. హైస్కూల్ల ఉన్నప్పుడు ఒక ఎండకాలం వాళ్ళ నాయన డెల్ కర్రీ మొత్తం మార్పిచ్చిండు, తల మీదికెల్లి వెయ్యాలని. మూడు నెలలు రింగు దగ్గరికెల్లి తప్ప ఎక్కడినుంచీ వెయ్యలేకపోయిండు. కండ్లనీళ్ళు పెట్టుకున్నడు. డెల్ కర్రీ అమెరికా పెద్ద లీగు ఎన్‌బీఏల ఆడినోడు, ఇంట్లనే ఉన్నడు కాబట్టి ఆ కొడుకు గట్టెక్కిండు. మన పిల్లకు పదిహేనేండ్లొచ్చినంక ఆ మూడు నెలలు దాని పక్కన ఎవరుంటరు? అందుకే ఇప్పుడే అంటున్న.

మామ: నేను అదే కథను ఇటు నుంచి చదువుత. ఎన్‌బీఏల ఆడిన నాయన, అన్ని తెలిసిన నాయన, పదేండ్లప్పుడు కొడుకు చెయ్యి పట్టలే. ఆడనిచ్చిండు. బంతి మీద పిచ్చి పుట్టినంక, భుజాలకు బలమొచ్చినంక పట్టిండు. పిచ్చి ముందు పుట్టింది కాబట్టే ఆ పోరడు మూడు నెలలు ఏడ్చి కూడ బంతి ఇడ్సిపెట్టలే.

ఒకే కథ ఇద్దరికీ సాక్ష్యం చెప్పింది. నాకు సారు చదివిన తీరే సరైనదనిపించింది. అయినా అల్లుడి ప్రశ్న పోలేదు. ఏడ్చే ఆ మూడు నెలలు పక్కన ఎవరుంటారు?

మామ: సరైన పద్ధతి సరైన పద్ధతి అంటవ్. అదే ఎన్‌బీఏల ఆడిన రిక్ బ్యారీ ఫ్రీత్రోలు ఎట్ల వేసిండు? రెండు కాళ్ళ సందుకెల్లి, కింది నుంచి, రెండు చేతులతోని. వందకు తొంభై పడ్డయి. ఇంకో ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ జన్మల ఫ్రీత్రోలు సక్కగ వెయ్యలే, వందకు యాభై పడితే ఎక్కువ. 1962 మార్చి 2న ఒక్క ఆటల వంద పాయింట్లు కొట్టిననాడు మాత్రం కింది నుంచి వేసి 32 ఫ్రీత్రోలల్ల 28 కొట్టిండు. తర్వాత ఎందుకు మానేసిండు? అట్ల వేస్తుంటే సిగ్గయిందని తానే రాసుకున్నడు. ఏడడుగుల మనిషి, అంత మొనగాడు, పడుతున్న పద్ధతిని సిగ్గుకు ఇడ్సిపెట్టిండు. నా భయం అదిరా. నువ్వు పట్టేది మోచెయ్యే అనుకుంటున్నవ్. కాని దానికి సిగ్గు నేర్పుతున్నవ్.

అల్లుడు: ఫ్రీత్రో వేరే మామా. ముందర ఎవడూ నిలబడడు. ఆటల ముందర ఒక చెయ్యి లేస్తది. కింది నుంచి లేచే బంతిని ఆ చెయ్యి తినేస్తది.

ఆ 'తినేస్తది' అనేటప్పుడు అతని గొంతు మారింది. సారు గమనించారో లేదో. ఆయన తన ఆలోచనలో తానున్నారు. కొంచెం సేపటికి ఆయనే మొదలుపెట్టారు.

మామ: నా నౌకరి కొత్తల ఒక పిల్లగాడుండె. ఏడో తరగతి. మస్తు ఉషారు. నేను కూడ నీలెక్కనే కొత్తగ నేర్చుకొనొచ్చిన. నైస్మిత్ వాళ్ళ వైఎంసీఏనే 1920ల మద్రాసుల వ్యాయామ కళాశాల పెట్టింది, హారీ క్రో బక్ అనేటాయన పెట్టిండు. ఆ వరుసల చదువు మాది అని నాకు గర్వం. పిల్లగాని మోచెయ్యి పక్కకు పోతుందని తువ్వాలతోని పక్కటెముకలకు కట్టిన. పదిహేను రోజులు కట్టిన. చెయ్యి బొమ్మల ఉన్నట్టు వచ్చింది. బంతి ఒక్కటి పడలే. తోటి పోరగాళ్ళు వాన్ని కట్టేసిన కోడి అని పిలిచిండ్రు. వాడు మైదానానికి రావడం బంద్ చేసిండు. పిలిపిస్తే కాలు నొస్తుందన్నడు. పదో తరగతి అయిపోయి బడి ఇడ్సిపెట్టేదాక బంతి ముట్టలే. ఆ తర్వాత నేను ఎవరి చెయ్యీ పట్టలే.

అల్లుడు: నా చెయ్యి కూడ పట్టలే.

మామ: నీకు అవసరం పడలే. మండలంల నీ అంత వేసెటోడు లేకుండె.

అల్లుడు: మండలంల లేకుండె. అండర్-17 ఎంపికలకు హైదరాబాద్ పోయినప్పుడు నువ్వు రాలే మామా, నేను నీకెప్పుడూ చెప్పలే. నేను ఛాతీ కాడికెల్లి రెండు చేతులతోని వేసేటోన్ని గదా. మొదటి బంతి లేపంగనే ఒకడు చెయ్యి పెట్టిండు. రెండోది పెట్టిండు. నాకంటె పొట్టోడు కూడ పెట్టిండు. పది నిమిషాలల్ల ఒక్క బంతి నా ముందరి చెయ్యి దాటలే. ఎంపిక చేసే సారు మంచిగనే అడిగిండు, "బాబూ, నీకు ఎవరూ చెప్పలేదా?" అని. బస్సుల చేవెళ్ళ మర్రిచెట్లు దాటేదాక అదే మాట నా చెవులల్ల ఉండె. నీ పిల్లగాడు నువ్వు చెప్తే పోయిండు. నేను నువ్వు చెప్పకపోతే పోయిన.

చాలా సేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్ల మాత్రం బంతి వేస్తూనే ఉంది. నాకప్పుడు అర్థమైంది. ఇద్దరి మధ్య అసలు తగువు ఈ పిల్ల మోచేతిది కాదు. ఒకరి చేతిలో ఒక పిల్లవాడు చెడిపోయాడు, ఆ భయంతో ఇంకొకణ్ణి ఆయన అలాగే వదిలేశాడు. ఇరవై ఏళ్ళకు ఆ వదిలేసినవాడు వచ్చి లెక్క అడుగుతున్నాడు. నేర్పే పనిలో ఉన్నవాళ్ళం మన తప్పును దిద్దుకునేటప్పుడు దాన్ని పూర్తిగా అవతలి గట్టుకు తోసేస్తాం. ఆ గట్టు మీద కూడా ఒక పిల్లవాడు నిలబడి ఉంటాడని మనకు తట్టదు.

ఆ సాయంత్రం వాదం అక్కడే ఆగింది. మర్నాడు సారే నన్ను లాగారు.

మామ: పంతులూ, నువ్వు చెప్పు. నీ బడిల పిల్లలకు చెయ్యి పట్టి దిద్దిస్తవా, వాళ్ళే గీసుకుంటరా?

అక్షరాభ్యాసం నాడు బియ్యంలో చెయ్యి పట్టే దిద్దిస్తాం అన్నాను. అల్లుడి మొహం వెలిగింది. కానీ, అని చెప్పాను, బియ్యం పళ్ళెం పిల్ల ఒళ్ళో ఉంటుంది. తర్వాత పలక మీద అరచేయంత అక్షరం పెట్టి దాని మీదే దిద్దమంటాం. నాలుగు గీతల కాపీ పుస్తకం ఎప్పటికో వస్తుంది. మొదటిరోజే కాపీ పుస్తకమిచ్చి గుండ్రంగా రాయమన్న పంతులును నేను చూడలేదు.

మామ: విన్నవా? పలక ముందు.

అల్లుడు: నేనూ విన్న. చెయ్యి పట్టుడు ముందు.

తర్వాత అతను చేసిన పని ఇద్దరం ఊహించనిది. పిల్లను పిలిచి వేపచెట్టు కింద తాండూరు బండ మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. హైదరాబాద్ నుంచి తెచ్చిన 5వ సైజు బంతి దాని కుడిచేతిలో పెట్టాడు. అరచేయి అంటకుండా వేళ్ళు విప్పి పట్టుకోమన్నాడు. రింగు లేదు, దూరం లేదు, పైన కొమ్మలే. "బంతిని సీదా పైకి వెయ్యి, మల్ల నీ చేతులకే రావాలె" అన్నాడు. మొదటిది మొహం పక్కన పడింది. రెండోది కాళ్ళ వైపు దొర్లింది. మోచెయ్యి పక్కకు పోతే బంతి పక్కకు పోతోంది. ఎడమచెయ్యి తోస్తే తిన్నగా లేవడం లేదు. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు, బంతే చెబుతోంది. పదో పన్నెండో వేశాక ఒకటి తిన్నగా లేచి, గాల్లో వెనక్కి తిరుగుతూ, వచ్చి అరచేతిలో వాలింది. పిల్ల లేచి కూర్చుని తాత వైపు చూసింది.

మామ: ఇది నేను ఒప్పుకుంట. ఇందుల సిగ్గు లేదు. రింగే లేనప్పుడు తప్పిందనేటోడు ఎవడు?

అల్లుడు: రోజుకు ఇరవై నాకియ్యి మామా. మిగిలినయన్ని దాని ఇష్టం, తుంటి కాడికెల్లి వేసుకోని, తల మీదికెల్లి వేసుకోని, నేను నోరు తెరవ.

మామ: నువ్వు పోయినంక ఆ ఇరవై ఎవరు చూస్తరు?

అల్లుడు: నువ్వే. చెయ్యి పట్టకు. బండ మీద పండుకోమను, అంతే.

మామ: రింగు?

అల్లుడు: దించుదాం. కాని చదును విసురుకు పడనియ్యొద్దు. రింగు ముందర వాలీబాల్ కంబానికి, ఈ వేపకొమ్మకు నులకతాడు కడుదాం. తాడు మీదికెల్లి పోయిన బంతే లెక్క. అప్పుడు వంపు గురించి నేను చెప్పేది లేదు, నువ్వు ఆపేది లేదు.

సారు ఆ తాడు గురించి చాలాసేపు ఆలోచించారు. ఆయనకు అది నచ్చిందని, నచ్చినట్టు ఒప్పుకోవడం కష్టంగా ఉందని మొహం చూస్తే తెలిసింది. నన్నడిగితే ఈ రెండు సాయంత్రాలలో తేలిన విషయం ఇదే. నోటితో పది చెప్పేకంటే కంబాన్నీ బంతినీ తాడునూ సరిగ్గా అమర్చిపెడితే, పిల్ల చెయ్యి తన తొవ్వ తానే వెతుక్కుంటుంది. అయితే ఆ అమరిక చేసే మనిషికి సరైన విసురు ఎలా ఉంటుందో బాగా తెలిసి ఉండాలి. సారు పదేళ్ళ పిల్ల ఒంటిని చూస్తున్నారు, అల్లుడు పదిహేడేళ్ళ పిల్ల ముందు లేచే చేతిని చూస్తున్నాడు. నా మనసు ఇప్పటికీ సారు వైపే మొగ్గుతుంది. కానీ తాడు కట్టాలన్న ఆలోచన అవతలి వైపు నుంచి వచ్చింది, అది దెబ్బ తిన్నవాడికే తడుతుంది.

రింగుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒకటిన్నర మీటరు ఇనుప కడ్డీ, దాన్ని గుండ్రంగా వంచి కంబానికి బిగించే పట్టీ, వెల్డింగ్ షాపులో గంట పని. పట్టీకి బోల్టులు పెట్టిస్తే పిల్ల ఎదిగిన కొద్దీ పైకి జరుపుకోవచ్చని అల్లుడు అన్నాడు. దసరాకు వచ్చి జరుపుతానన్నాడు. నేను చెప్పినప్పుడు జరపాలె, అన్నారు సారు.

టేపు తెచ్చి కొలిచారు. సారు ఎనిమిదిన్నర అడుగుల దగ్గర సుద్దముక్కతో గీత పెట్టారు. అల్లుడు దానికి మూడంగుళాల పైన ఇంకో గీత పెట్టాడు, పిల్ల ఈ యేడే పొడుగవుతదని. సారు దాన్ని తువ్వాలతో తుడిచేశారు. అతను మళ్ళీ పెట్టాడు.

పిల్ల బండ మీద వెల్లకిలా పడుకుని పైకి వేస్తోంది. ఇరవై ఎప్పుడో దాటింది. నలభై మూడు, నలభై నాలుగు అని లెక్కపెడుతోంది.